నాలుగు చుట్లు ఎక్కువ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం పాఠం)



మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "ఒరే, పావుగంట మాట్లాడాలి. నీ ఉద్యోగం గురించీ విజయాల గురించీ వద్దు, అవి అందరూ చెబుతారు. బడికి సంబంధించింది ఏదైనా చెప్పు" అన్నాడు. అందుకని ఈమధ్య నేను చేసిన ఒక రిపేరు గురించి చెబుతాను. చిన్న రిపేరే. నలభై ఏళ్లనాటి ఒక హామ్ రేడియో యాంప్లిఫయరులో కాలిపోయిన ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మరు తీసి కొత్తది పెట్టడం. ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్లలో పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య బతుకుతున్న ఇంజనీరుని నేను. అరచేతిలో పట్టే ఈ ట్రాన్స్‌ఫార్మరు ముందు తప్పాను. ఆ తప్పు పట్టుకున్నాయన ఇప్పుడు ముందు వరసలో, ఎడమ చివరి కుర్చీలో కూర్చున్నారు. మన సైన్సు మాష్టారు.

మాష్టారు హామ్ అని మనలో చాలామందికి తెలుసు. ఎందుకయ్యారో కొందరికే తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది పోయారు. తంతి స్తంభాలు పడిపోయాయి, రోడ్లు తెగిపోయాయి. మాష్టారి అక్కగారి కుటుంబం అటువైపు ఊళ్లోనే ఉండేది. వాళ్లు బతికున్నారో లేదో తెలియడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. బతికే ఉన్నారు. కానీ ఆ నాలుగు రోజులు ఆయన మరిచిపోలేదు. తీగ లేకుండా మాట వెళ్లే దారి ఒకటి ఉండాలని మోర్సు నేర్చుకున్నారు, పరీక్ష రాసి అమెచ్యూర్ లైసెన్సు తెచ్చుకున్నారు. జీతంలోంచి మిగిల్చిన డబ్బుతో, పాత సామాన్ల దుకాణాల్లో దొరికిన భాగాలతో ట్రాన్స్‌మిటరు కట్టారు.

1982లో నేను ఎనిమిదో తరగతి. ఆ ఏడు వేసవి సెలవుల్లో మాష్టారు యాంప్లిఫయరు కట్టడం మొదలుపెట్టారు. ట్రాన్స్‌మిటరు నుంచి వచ్చే కొద్దిపాటి శక్తిని మూడు వందల వాట్ల దాకా పెంచే పెట్టె అది. గుండెకాయ ఏమిటంటే, 811ఎ అనే రెండు అమెరికా వాల్వులు. వాటికి కావలసిన ట్రాన్స్‌ఫార్మర్లు కొనే స్తోమత లేక తానే చుట్టుకుంటానన్నారు. చేత్తో తిప్పే చుట్టుడు యంత్రం ఒకటి వడ్రంగి చేత చేయించారు. మేం నలుగురం పిల్లలం వంతులవారీగా పిడి తిప్పేవాళ్లం. పదేసి చుట్లకు పలక మీద ఒక గీత. లెక్క పెట్టడం నా పని. ప్రైమరీకి 1035 చుట్లు. ఎవరైనా మధ్యలో నవ్వితే లెక్క పోయేది, లెక్క పోతే విప్పి మళ్లీ చుట్టాల్సిందే. మాష్టారు కోప్పడేవారు కాదు. "వైరుకి నీ మొహమాటం తెలీదురా, విప్పు" అనేవారు. అంతే.

ఈ ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మరు ఏం చేస్తుందో ఇంజనీర్లు కానివాళ్ల కోసం నాలుగు మాటల్లో చెబుతాను. వాల్వు లోపల బల్బులో లాగే ఒక తీగ ఉంటుంది. అది ఎర్రగా కాలితేనే దానినుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఒక్కో 811ఎ తీగకు 6.3 వోల్టులు, 4 ఆంపియర్లు కావాలి. రెండింటికీ కలిపి 8 ఆంపియర్లు. ఇంట్లో వచ్చే 230 వోల్టుల్ని ఆ 6.3కి దించేదే ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మరు. ఇందులో పట్టువిడుపు చాలా తక్కువ. అయిదు శాతం అటూ ఇటూ, అంటే 6.0 నుంచి 6.6 లోపలే ఉండాలి. తగ్గితే ఎలక్ట్రాన్లు చాలవు, పైగా తీగ మీది థోరియం పొర దెబ్బతింటుంది. పెరిగితే తీగ ఆయుష్షు కరిగిపోతుంది. ఇలాంటి తీగకు వోల్టేజి మూడు శాతం పెరిగితే ఆయుష్షు సగమవుతుందని వాల్వులు తయారుచేసేవాళ్లు చెప్పే లెక్క.

ఆ యాంప్లిఫయరు ముప్పై ఏళ్లకు పైగా మాష్టారింట్లో పనిచేసింది. పదో తరగతిలో ఒక రాత్రి మమ్మల్ని కూర్చోబెట్టి వినిపించారు. వాల్వుల వెలుగు గోడ మీద పడుతుంటే ఎవరో ఇటలీ ఆయన మాష్టారి కాల్‌సైన్ పలికాడు. నేను ఇంజనీరింగులో ఎలక్ట్రికల్ తీసుకోవడానికి కారణం ర్యాంకు అని ఇంట్లో అనుకున్నారు. అసలు కారణం ఆ రాత్రి.

తరవాత ఒకరోజు ఆ పెట్టెలోంచి కాలిన వాసన వచ్చి ఫ్యూజు పోయింది. అప్పటికి మాష్టారు రిటైరై చాలా ఏళ్లయింది, చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. 2015లో నేను ఊరొస్తే పెట్టె నా కారులో పెట్టించారు. "ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మరు పోయింది. మిగతాది బాగానే ఉంది. చేసి, ఒకసారి గాలిలోకి రా. వింటాను" అన్నారు. నెలలో చేసేస్తానన్నాను. హైదరాబాదు తీసుకెళ్లి మా ఫ్లాటులో అటక మీద పెట్టాను. తెలుగులో అటకెక్కడం అంటే ఏమిటో మీకు తెలుసు. తొమ్మిదేళ్లు అక్కడే ఉంది. ప్రాజెక్టులు, బదిలీలు, పిల్లల పెళ్లిళ్లు, కరోనా, అన్నీ కారణాలే. మాష్టారు పండక్కి ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి కూడా దాని సంగతి అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. అడగలేదు కనక రెండేళ్ల తరవాత పండక్కి ఫోన్ చేయడానికే వెనకాడాను.

కిందటేడు మాష్టారి చిన్నమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాన్నకి ఎనభై నాలుగు దాటింది. రోజూ పొద్దున్న రిసీవరు పెట్టుకుని కూర్చుంటున్నారు. ఎవరి కోసమో చెప్పరు" అంది. ఆ ఆదివారమే నిచ్చెన వేసుకుని అటకెక్కాను.

ముందు ట్రాన్స్‌ఫార్మరు నిజంగా పోయిందా అని చూడాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మన ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ ల్యాంపు చాలు. అరవై వాట్ల బల్బుని ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీతో వరసలో కలిపి, సెకండరీ తీగలన్నీ విప్పేసి కరెంటు ఇచ్చాను. ఆరోగ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరయితే బల్బు వెలగదు, మహా అయితే మినుకు మంటుంది. ఇక్కడ బల్బు నిండుగా వెలిగింది. అంటే లోపల చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మెగ్గరు పెడితే తీగకీ ఇనుముకీ మధ్య ఇన్సులేషను అర మెగోమ్ కూడా లేదు. కారణాలు ఊహించవచ్చు. తీరపు ఊరి ఉప్పుగాలి, పొరల మధ్య కాగితం, రాత్రిపూట 245 దాకా ఎగిరే కరెంటు.

ఇంక విప్పడం. ఈ-ఐ స్టాంపింగుల్ని ఒక్కొక్కటే ఊడదీశాను. వార్నిష్ గట్టిపడి ఒక్కోటి ఊడడానికి అయిదేసి నిమిషాలు పట్టింది. తరవాత సెకండరీ చుట్లు విప్పుతూ లెక్కపెట్టాను. పదహారు, మధ్యలో ఒక తీగ బయటికి, మళ్లీ పదహారు. మొత్తం 32.

ఇక్కడ నా ఇంజనీరు బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆ ఇనుప కోరు అడ్డుకోత వైశాల్యం పది చదరపు సెంటీమీటర్లు. యాభై సైకిళ్ల కరెంటుకి, ఒక టెస్లా అయస్కాంత సాంద్రతకి లెక్క కడితే వోల్టుకు నాలుగున్నర చుట్లు. ప్రైమరీ 230ని నాలుగున్నరతో హెచ్చిస్తే 1035. పలక మీద గీతలు సరిగ్గా సరిపోయాయి, సంతోషించాను. సెకండరీ 6.3ని నాలుగున్నరతో హెచ్చిస్తే 28. మరి 32 ఎందుకున్నాయి? నాలుగు చుట్లు ఎక్కువ. అంటే దాదాపు ఒక వోల్టు ఎక్కువ. నాకు నవ్వొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి, లెక్క తప్పి ఉంటాను, మాష్టారు చూసుకోలేదు, అందుకే ఇన్నేళ్లూ వాల్వులకు వోల్టేజి ఎక్కువైంది అనుకున్నాను. నలభై రెండేళ్ల కిందటి నా తప్పుని దిద్దే అవకాశం వచ్చిందని మురిసిపోయాను.

సికింద్రాబాదు రాణిగంజ్‌లో ఒక వైండింగ్ షాపు పట్టుకుని 28 చుట్లు, మధ్యలో ట్యాపు అని రాసిచ్చాను. మధ్య ట్యాపు తప్పనిసరి, ఎందుకంటే ఈ రకం యాంప్లిఫయరులో వాల్వు కరెంటంతా ఆ ట్యాపు ద్వారానే తిరిగి భూమికి చేరుతుంది. సెకండరీకి 14వ నంబరు తీగ, ప్రైమరీకి 28వ నంబరు తీగ. షాపాయన చక్కగా చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఓవెన్‌లో ఎండబెట్టి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి మీటరు పెడితే 6.3. ఫొటో తీసి మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముప్పై రెండు మంది బొటనవేళ్లు పైకెత్తారు.

పెట్టెలో బిగించాను. కోటీ గుజరాతీ గల్లీలో కొత్త ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కొని పాతవి మార్చాను. వాటి మీదుండే పాత రెసిస్టర్లు మాత్రం మీటరుతో చూస్తే బాగానే ఉన్నాయని ఉంచేశాను. ఈ రెసిస్టర్ల సంగతి కాస్త చెప్పాలి. ఇందులో ప్రాణాపాయం ఉంది.

వాల్వుల ప్లేటుకు 1500 వోల్టులు కావాలి. 450 వోల్టుల కెపాసిటర్లు నాలుగు వరసగా కలిపి, ఒక్కోదాని మీద ఒక లక్ష ఓముల రెసిస్టరు పెడతారు. కరెంటు తీసేశాక కెపాసిటర్లలో మిగిలిన చార్జిని నెమ్మదిగా ఖాళీ చేయడం వాటి పనుల్లో ఒకటి. కెపాసిటరు 100 మైక్రోఫారడ్లయితే నిమిషం తిరిగేలోపు ఖాళీ అయిపోవాలి. మొదటిసారి నడిపి చూసి, ప్లగ్గు పీకి, రెండు నిమిషాలు ఆగాను. ఆగాను కదా, చెయ్యి పెట్టేయవచ్చు. అలవాటుగా కుడిచేయి ముందుకు వెళ్లింది. ఎడమచేయి మాత్రం జేబులో ఉంది. అదేమిటని మీకు గుర్తుండే ఉంటుంది. ల్యాబులో కరెంటు ప్రయోగం చేసేటప్పుడు మాష్టారు మన అందరిచేతా ఒక చేయి నిక్కరు జేబులో పెట్టించేవారు, షాకు గుండె మీదుగా పోకుండా. జేబులేని నిక్కరు వేసుకొచ్చినవాడు వెనక్కి కట్టుకోవాలి. జేబులో చేయి ఉందని తెలిసేసరికి రెండో మాట కూడా గుర్తొచ్చింది. "ఖాళీ అయిందని అనుకోకు. కొలిచి చూడు."

ముట్టుకోబోయిన చేత్తో డిశ్చార్జి కర్ర తీసుకుని తాకించాను. టప్పుమని నిప్పురవ్వ ఎగిరింది. ఖాళీ అయి ఉండాల్సిన చోట నాలుగు వందల వోల్టులున్నాయి. ఆ రెసిస్టర్లలో ఒకటి చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక తెగిపోయింది. దాని కింది కెపాసిటరు చార్జిని అలాగే పట్టుకుని కూర్చుంది. ఇంకో సంగతి. కర్రను రెండు చివరలకీ ఒక్క క్షణం తాకించి తీశాను, నిప్పురవ్వ వచ్చింది కనక పని అయిపోయిందనుకుంటాం. ఒక్కో కెపాసిటరునీ విడిగా కొలిస్తే ఆ ఒక్కదాని మీద ఇంకా దాదాపు మూడు వందల వోల్టులున్నాయి. వరసలో ఉన్నవాటిని విడివిడిగా ఖాళీ చేయాలి, విడివిడిగా కొలవాలి. ఇక్కడ పాత రేడియోలు, ఇన్వర్టర్లు విప్పే తమ్ముళ్లు ఎవరైనా ఉంటే ఇది మాత్రం ఇంటికి తీసుకెళ్లండి. నాలుగు రెసిస్టర్లూ కొత్తవి వేశాను. ఆ రాత్రి మా ఆవిడకు ఈ సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడే వింటోంది.

ఇంక యాంప్లిఫయరు. నా ట్రాన్సీవరు నుంచి ఎంత ఇచ్చినా వాట్‌మీటరు 170 దాటలేదు. గొంతు కూడా పగిలినట్టు వస్తోందని అవతలివాళ్లు చెప్పారు. వాల్వులు ముసలివైపోయాయి అని తేల్చేశాను. నలభై ఏళ్ల వాల్వులు, పోక ఏం చేస్తాయి? విదేశం నుంచి కొత్త జత తెప్పించడానికి ధర కూడా వాకబు చేశాను. అప్పుడు మాష్టారికి ఫోన్ చేశాను. ట్రాన్స్‌ఫార్మరు మార్చాననీ, వాల్వులు పోయాయనీ, కొత్తవి తెప్పిస్తున్నాననీ చెప్పాను. నా నలభై రెండేళ్ల కిందటి తప్పుని ఎలా దిద్దానో కూడా చెప్పాను.

ఆయన అంతా విన్నారు. వినికిడి యంత్రం వల్ల ఫోనులో ఆయనకు కాస్త ఆలస్యంగా అందుతుంది. కాసేపాగి ఒకటే ప్రశ్న వేశారు. "6.3 ఎక్కడ కొలిచావురా?"

"ట్రాన్స్‌ఫార్మరు దగ్గర, మాష్టారూ."

"వాల్వు ఎక్కడుంది?"

నేనేమీ మాట్లాడలేదు. ఎనిమిదో తరగతిలో బోర్డు దగ్గర నిలబడినట్టే ఉంది. ఆయనే అన్నారు: "ఆ నాలుగు చుట్లు నువ్వు తప్పు లెక్కపెట్టినవి కావు. నేను వేయించినవి. నీ లెక్క ఎప్పుడూ తప్పలేదు."

ఫోన్ పెట్టేసి కొలిచాను. ప్లేటు ట్రాన్స్‌ఫార్మరుకి వెళ్లే తీగలు విప్పి, చివరలకు టేపు చుట్టి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని చూసుకుని, అప్పుడు ఫిలమెంటు ఒక్కదానికే కరెంటు ఇచ్చాను. వాల్వులు తీసేస్తే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 6.3. వాల్వులు పెట్టి, 8 ఆంపియర్లు లాగుతుంటే అక్కడే 6.0. ఇది ట్రాన్స్‌ఫార్మరు తన లోపల తాను పోగొట్టుకున్నది. అక్కడినుంచి వాల్వుకు దారిలో ఒక చోక్ ఉంది. ఈ యాంప్లిఫయరులో గ్రిడ్డును భూమికి కలిపి, సంకేతాన్ని ఫిలమెంటుకే ఇస్తారు. ఆ సంకేతం ట్రాన్స్‌ఫార్మరులోకి జారిపోకుండా ఫెరైటు కడ్డీ మీద రెండు తీగల్ని జంటగా చుట్టిన చోక్ అడ్డుపడుతుంది. ఒక్కో తీగ మీటరున్నర పొడవు, 18వ నంబరు. రాను పోను కలిపి వంద భాగాల్లో నాలుగున్నర భాగాల ఓము. ఏముందిలే అనిపిస్తుంది. దాన్ని 8 ఆంపియర్లతో హెచ్చించండి, మూడో వంతు వోల్టు పైచిలుకు. వాల్వు సాకెట్టు కింద ఒకటో పిన్ను, నాలుగో పిన్ను మధ్య మీటరు పెడితే 5.6. రెండో వాల్వు దగ్గర 5.5 కూడా లేదు, ఎందుకంటే ఉప్పుగాలికి ఆ సాకెట్టు స్ప్రింగులు పచ్చబడి అక్కడ ఇంకాస్త పోతోంది. ఉండాల్సిన కనీసం 6.0. వాల్వులు ముసలివి కావు. చలికి వణుకుతున్నాయి.

మాష్టారు 1982లోనే ఇదంతా కొలిచారు. ఆయన దగ్గర మంచి మీటరు ఒకటే ఉండేది, అది మన బడి ల్యాబుది. వాల్వు పిన్ను దగ్గర 6.3 రావాలంటే ట్రాన్స్‌ఫార్మరులో ఎంత ఉండాలో వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చారు. 32 అక్కణ్ణుంచి వచ్చింది. నేను సూత్రం పట్టుకుని ముందుకు వెళ్లాను. సూత్రం తప్పు కాదు. ఆ సూత్రంలో చోక్ లేదు, సాకెట్టు లేదు, తుప్పు లేదు.

మళ్లీ ట్రాన్స్‌ఫార్మరు విప్పాను. ఈసారి షాపుకి ఇవ్వలేదు, నేనే చుట్టాను. సెకండరీ 32 చుట్లు. ప్రైమరీలో మాత్రం ఒక మార్పు చేశాను. 990, 1035, 1080 చుట్ల దగ్గర మూడు ట్యాపులు తీశాను, 220కి, 230కి, 240కి. మా ఫ్లాటులో కరెంటు 238 వస్తుంది కనక చివరి ట్యాపు వాడాను. పాత ట్రాన్స్‌ఫార్మరుకి ఈ వెసులుబాటు లేదు, 245 వచ్చిన రాత్రుల్లో అది కాలింది అందుకే. పొరల మధ్య కాగితం బదులు పాలియెస్టరు ఫిల్ము వేశాను. సాకెట్లు శుభ్రం చేసి స్ప్రింగులు బిగించాను. ఇంకొకటి, చల్లటి ఫిలమెంటు నిరోధం వేడిగా ఉన్నప్పటిలో పదో వంతే ఉంటుంది, అందుకని స్విచ్చి వేయగానే కరెంటు ఒక్కసారి దూకుతుంది. ప్రైమరీలో 220 ఓముల రెసిస్టరు ఒకటి పెట్టి, రెండు సెకన్ల తరవాత రిలే దాన్ని తప్పించేలా చేశాను. అమెరికా వాల్వులు, మళ్లీ దొరకవు, మెల్లగా లేపడం మంచిది.

చివరికి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 6.7. వాల్వుల పిన్నుల దగ్గర రెండింటికీ 6.3. వాట్‌మీటరు 290. అవే పాత వాల్వులు.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకు 7 మెగాహెర్ట్జ్ బ్యాండు మీద మాష్టారి కాల్‌సైన్ పిలిచాను. హైదరాబాదు నుంచి మన ఊరికి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు, ఆ వేళప్పుడు ఆ బ్యాండుకి అనువైన దూరం. మూడోసారి పిలిచేసరికి జవాబొచ్చింది. గొంతు వణికింది కానీ కాల్‌సైన్ పలకడంలో తేడా లేదు. మేం హాములం ఒకరికొకరు సంకేతం ఎంత బాగా వినిపిస్తోందో అంకెల్లో చెప్పుకుంటాం. అయిదు, తొమ్మిది అంటే అద్భుతం. మర్యాదకి అందరూ అందరికీ అయిదు తొమ్మిదే ఇచ్చేస్తారు. తొమ్మిదేళ్ల తరవాత, నా చేతుల్తో లేచిన ఆయన యాంప్లిఫయరు విని మాష్టారు ఇచ్చిన రిపోర్టు "అయిదు, ఏడు." ఆగి, "మీటరు ఏడే చూపిస్తోందిరా, నేనేం చేయను" అన్నారు. నాకు పదో తరగతి మార్కుల జాబితా చేతికొచ్చినంత ఆనందమేసింది. ఆ ఏడు నిజంగా ఏడు.

ఈ కాలంలో ఈ పాత పెట్టెలు ఎందుకని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు అంతకన్నా తేలికైన, ప్రమాదం తక్కువైన ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు వచ్చాయి. వాల్వులు గొప్పవని నేను చెప్పడం లేదు. హామ్ రేడియో అవసరం మాత్రం తీరలేదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారూ, ఆమె బృందమూ అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రపంచ హాములతో సరదాగా మాట్లాడుతున్నారు. 26న సునామీ వచ్చింది. మామూలు దారులు మూసుకుపోయిన ఆ గంటల్లో ఆ సరదా కేంద్రమే ద్వీపాల క్షేమ సమాచారం బయటికి చేర్చింది. మాష్టారికి 1977లో నాలుగు రోజులు పట్టిన కబురు, మరొకరికి అంతసేపు పట్టకూడదు. ఇదంతా దానికోసమే.

చివరిగా రెండు మాటలు. ఈ యాంప్లిఫయరు బడికి ఇవ్వమని కొందరు మిత్రులు అడిగారు. ఇవ్వను. 1500 వోల్టుల పెట్టెను పిల్లల మధ్య పెట్టడం మాష్టారికీ ఇష్టం లేదు, నాకూ లేదు. దానికి బదులు ఇవాళ మూడు వస్తువులు ప్రధానోపాధ్యాయులకు అప్పగిస్తున్నాను. మొదటిది, మాష్టారి చుట్టుడు యంత్రం. పిడి మార్చాను, చక్కగా తిరుగుతోంది. రెండోది, ల్యాబుకి ఆరు మంచి మల్టీమీటర్లు, పిల్లలు వంతు కోసం కొట్టుకోకుండా. మూడోది, పలక. దాని మీద గీతలు చెరిగిపోయాయి కానీ చెక్క చట్రం మీద మాష్టారు మేకుతో గీసిన అంకెలు రెండున్నాయి: 28, దాని కింద 32. మొన్న ఆయనింటికి వెళ్లినప్పుడు ఆయనే తీసిచ్చారు. తొమ్మిదేళ్లూ అది ఆయన బల్ల మీదే ఉందట. నేను అడిగి ఉంటే మొదటి రోజే చూపించేవారు. అడగడానికి ఫోన్ చేయాలి కదా.

ఇక్కడున్న మనలో చాలామంది ఎవరో ఒక మాష్టారికి, టీచరుకి ఏదో ఒకటి చేస్తామని మాటిచ్చి అటకెక్కించి ఉంటాం. ఆదివారం నిచ్చెన వేసుకోండి. వాళ్లు వింటూనే ఉన్నారు.

మాష్టారూ, సెలవు.